ఇన్‌విట్రో (ల్యాబ్) పేపర్లకు చెక్‌లిస్టు మార్కులు: 6 నుంచి 9 దాకా అందరికీ సున్నాలే, ఏం చెయ్యాలి?

కడప_కన్సర్వేటివ్
యూనివర్సల్ అడ్హీసివ్‌లు (ఫిల్లింగ్‌ని పంటికి అంటించే జిగురులు) డెంటిన్‌కి (ఎనామెల్ కింది పొర) ఎంత గట్టిగా అంటుకుంటాయన్న దాని మీద సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఉన్న పేపర్లన్నీ వెతికి బేరీజు వేసే పని. వడపోత అయ్యాక మైక్రోటెన్సైల్ (అంటించిన పంటి నుంచి సన్నని బీమ్‌లు కోసి, లాగి తెంపే టెస్టు) పేపర్లు 40 మిగిలాయి. రిపోర్టింగ్ నాణ్యత చూడటానికి 2012లో ఫాజియన్ ఇచ్చిన చెక్‌లిస్టు తీసుకున్నాం. కన్సార్ట్‌ని (క్లినికల్ ట్రయల్స్ రిపోర్టింగ్ నియమాలు) ల్యాబ్ స్టడీలకు తగ్గట్టు మార్చిన 14 అంశాలది. ఇద్దరం విడివిడిగా కూర్చుని, ఉంటే 1, లేకుంటే 0 వేశాం.

చిక్కేమిటంటే 6 (ర్యాండమ్ వరస ఎలా తయారైంది), 7 (దాన్ని ఎలా దాచారు), 8 (ఎవరు చేశారు), 9 (బ్లైండింగ్, అంటే పనిచేసేవాళ్ళకి గ్రూపు తెలియకుండా ఉంచడం), 14 (ప్రోటోకాల్ ఎక్కడ దొరుకుతుంది), ఈ అయిదింటికీ దాదాపు అందరికీ సున్నా. 1 (సారాంశం), 2 (నేపథ్యం, లక్ష్యం), 3 (పద్ధతి వివరం), 10 (స్టాటిస్టిక్స్), వీటికి దాదాపు అందరికీ ఒకటి. ఈ టేబుల్ చూసి ఏ పేపర్ని నమ్మాలో ఎవరికీ తెలియదు. పైగా బ్లైండింగ్ దగ్గర మా ఇద్దరి కప్పా (ఇద్దరి మార్కులు ఎంత కలిశాయో చెప్పే అంకె) 0.22. టూల్ మార్చమని ఒకరు, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయమని ఇంకొకరు అంటున్నారు. ఈ పని చేసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_ప్రాస్థో
క్విన్ టూల్ వాడెయ్యండి. 12 అంశాలు, ఒక్కోదానికి 2, 1, 0 లేదా వర్తించదు. వచ్చిన మార్కులను 100తో గుణించి, వర్తించే అంశాల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. ఉదాహరణకి ఒక అంశం వర్తించలేదు, మిగతా 11కి 13 మార్కులు వచ్చాయి. 1300ని 22తో భాగిస్తే 59 శాతం. 70 దాటితే బయాస్ ముప్పు తక్కువ, 50 నుంచి 70 మధ్యస్థం, 50కి లోపు ఎక్కువ. ఎడిటర్లకి కూడా అర్థమైతది.

మెటీరియల్స్_మేడం
ఓరుగల్లు గారూ, ఆయన అడిగింది రిపోర్టింగ్ నాణ్యత, మీరు ఇచ్చింది బయాస్ ముప్పు కొలిచే టూల్. రెండూ ఒకటి కాదు, ముందు అది తేల్చుకోవాలి.

రిపోర్టింగ్ అంటే చేసింది రాశారా అని. బయాస్ ముప్పు అంటే చేసిన తీరు ఫలితాన్ని ఒక పక్కకి లాగే అవకాశం ఉందా అని. "పళ్ళను కుడిచేతి వైపు నుంచి వరసగా తీసి గ్రూపులు చేశాం" అని రాసిన పేపర్ రిపోర్టింగ్‌లో నెగ్గుతుంది, బయాస్‌లో ఓడుతుంది. కంప్యూటర్‌లో వరస తయారుచేసి కూడా "ర్యాండమ్‌గా విభజించాం" అని రెండు ముక్కలతో వదిలేసినవాళ్ళు రిపోర్టింగ్‌లో ఓడతారు, వాళ్ళ పని మాత్రం సరైనదే. చదివేవాడి చేతిలో ఉన్నది కాగితమే కాబట్టి ఈ రెండూ కలిసిపోతుంటాయి.

రెండో అభ్యంతరం మొత్తం మార్కు మీద. క్విన్‌లో 11 అంశాలు వర్తిస్తే 15 మార్కులకు 68 శాతం, 16కి 73. ఒక్క మార్కుతో మధ్యస్థం కాస్తా తక్కువ ముప్పు అయిపోతుంది. ఆ ఒక్క మార్కు "ఆపరేటర్ వివరాలు" దగ్గర కూడా రావచ్చు. బ్లైండింగ్ లేని పేపరూ, ఆపరేటర్ ఊసు లేని పేపరూ ఒకే అంకె దగ్గర నిలబడితే ఆ అంకె ఏం చెబుతున్నట్టు?

బయాస్ చూడాలంటే 2022లో వచ్చిన రాబ్‌డెమాట్ చూడండి. డెంటల్ మెటీరియల్స్ ప్రయోగాల కోసమే చేశారు. ప్రణాళిక, కేటాయింపు ఒక విభాగం. నమూనా తయారీ రెండు. ఫలితం కొలిచిన తీరు మూడు. డేటాతో చేసిన పని నాలుగు. మొత్తం మార్కు వెయ్యదు, ప్రశ్నకి ప్రశ్నగానే చూపిస్తుంది.

ఓరుగల్లు_ప్రాస్థో
ఒప్పుకుంటా, కానీ 40 పేపర్ల రివ్యూలో ఎక్కడో ఒకచోట గీత గియ్యాలె కదా మేడం. మొత్తం మార్కు లేకుంటే సెన్సిటివిటీ అనాలిసిస్ (కొన్ని పేపర్లు పక్కన పెడితే ఫలితం మారుతదా అని చూసుడు) ఎట్ల చేస్తరు?

మెటీరియల్స్_మేడం
ఒక్కో అంశం మీద గీత గియ్యండి. "ర్యాండమ్ వరస రాసినవి, రాయనివి" అని వేరు చేసి పూల్ చేసిన (పేపర్లన్నీ కలిపి తీసిన) తేడా మారిందా చూడండి. అప్పుడు మారితే ఎందుకు మారిందో కూడా తెలుస్తుంది.

లెక్కల_పంతులు
ముందు ఆ కప్పా సంగతి. నలభైలో ఇద్దరూ "ఉంది" అన్నవి ఎన్ని, ఇద్దరూ "లేదు" అన్నవి ఎన్ని?

కడప_కన్సర్వేటివ్
ఇద్దరూ లేదన్నవి 34. ఇద్దరూ ఉందన్నది 1. నేను ఒక్కణ్ణే ఉందన్నవి 3, ఆవిడ ఒక్కరే ఉందన్నవి 2.

లెక్కల_పంతులు
అంటే 40లో 35 కలిశాయి, 87.5 శాతం. మీరు "ఉంది" అన్నవి 4, ఆవిడ 3. ఈ లెక్కన యాదృచ్ఛికంగానే కలిసే అవకాశం 0.84. కప్పా = (0.875 − 0.84) ÷ (1 − 0.84) = 0.22. మీ ఇద్దరి చూపులో లోపం పెద్దగా లేదు. ఒక వైపే కుప్ప పడినప్పుడు కప్పా ఇలాగే కూలిపోతుంది. ఇదే టేబుల్‌కి గ్వెట్ ఏసీ1 (కప్పా లాంటిదే, ఇలా కుప్ప పడినా అంతగా కూలని కొలత) వేస్తే 0.85 వస్తుంది. నేరుగా కలిసిన శాతం, కప్పా, ఏసీ1 మూడూ ఇవ్వండి, కింద 2×2 టేబుల్ పెట్టండి. 0.22 ఒక్కటే ఇస్తే రివ్యూయర్ వెనక్కి పంపుతాడు, 0.85 ఒక్కటే ఇస్తే నచ్చిన అంకె ఏరుకున్నట్టుంటుంది.

అయినా ఆ 5 పేపర్లు మళ్ళీ తెరవండి. తేడా ఎక్కడ వచ్చింది?

కడప_కన్సర్వేటివ్
తెరిచాను. మూడింట్లో "నమూనాలన్నీ ఒకే ఆపరేటర్ తయారుచేశాడు" అని ఉంది, దాన్ని నేను బ్లైండింగ్‌గా లెక్కేశాను. రెండింట్లో ఫెయిల్యూర్ మోడ్ (ఎక్కడ తెగింది) చూసినవాళ్ళకి గ్రూపు తెలియదని ఉంది, కానీ టెస్టింగ్ మెషీన్ నడిపినవాళ్ళ గురించి లేదు.

గోదావరి_ఎండో
ఒకే ఆపరేటర్ అంటే బ్లైండింగ్ కాదండీ. అది చేతివాటంలో తేడా రాకుండా చేసుకున్న ఏర్పాటు. ఆ ఒక్కడికే ఏ గ్రూపు ఏదో తెలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ.

బ్లైండింగ్‌ని మూడు గడులు చెయ్యండి: బాండింగ్ చేసినవాళ్ళు, లోడ్ కొలిచినవాళ్ళు, ఫ్రాక్చర్ చూసి అడ్హీసివ్ (అంటిన చోట), కోహీసివ్ (పదార్థం లోపల), మిక్స్‌డ్ (రెండూ) అని తేల్చినవాళ్ళు. మొదటిదానికి చాలాసార్లు వీలు ఉండదు, సీసా రంగు, వాసనే పట్టించేస్తాయి. దానికి "వీలు కాదని రాశారు" అనే విడి సమాధానం కూడా ఉంచండి. అలా రాసిన పేపరూ, ఏమీ రాయని పేపరూ ఒకటి కాదు కదా.

మోలార్_మిత్ర
సార్, మైక్రోటెన్సైల్‌లో అంకె ఇచ్చేది మెషీన్ కదా. లోడ్ కొలిచేవాళ్ళకి గ్రూపు తెలిస్తే మాత్రం ఏం పోతుంది?

గోదావరి_ఎండో
మెషీన్ ఇచ్చేది న్యూటన్లు. ఏ బీమ్ అతికించాలి, ఏది "పగులు కనబడుతోంది" అని పక్కన పెట్టాలి, జిగ్‌లో వంకరగా పడితే మళ్ళీ అతికించాలా, ఇవన్నీ మనిషి నిర్ణయాలు. మెగాపాస్కల్ రావాలంటే విస్తీర్ణం కావాలి, కాలిపర్ పెట్టేదీ మనిషే. బీమ్ 1 మి.మీ. × 1 మి.మీ. అని అందరికీ ఒకే కొలత వేసేస్తే, అసలు 0.9 × 0.9 ఉన్న బీమ్ 25 న్యూటన్ల దగ్గర తెగినప్పుడు 25 మెగాపాస్కల్ అని రాస్తారు. నిజంగా అది 30.9. ప్రతి బీమ్‌నీ కొలిచారా అన్నది ఎన్ని పేపర్లలో ఉందో చూడండి.

మెటీరియల్స్_మేడం
అసలు గుట్టు 3వ అంశంలో ఉంది. "మళ్ళీ చెయ్యగలిగేంత వివరం" అని ఉన్న ఆ ఒక్క గడికి కడప గారు దాదాపు అందరికీ 1 వేశారు. మెథడ్స్ రెండు పేజీలుంటే వివరం ఉన్నట్టే అనిపిస్తుంది. చెక్‌లిస్టు అన్ని రకాల ల్యాబ్ స్టడీలకూ పనికొచ్చేలా రాశారు కాబట్టి ఆ గడిని మీ టెస్టుకి తగ్గట్టు మీరే పగలగొట్టుకోవాలి. డెంటిన్ బాండింగ్‌కి నేనైతే ఇవి వెతుకుతాను.

పన్ను: మనిషిదా, పశువుదా, ఏ పన్ను, తీసి ఎన్నాళ్ళయింది, దేంట్లో ఉంచారు. ఐఎస్‌ఓ టీఎస్ 11405 (పంటికి అంటుకునే టెస్టుల ప్రమాణం) ప్రకారం 0.5 శాతం క్లోరమిన్-టీలో గరిష్ఠంగా వారం, ఆ తర్వాత 4 డిగ్రీల దగ్గర డిస్టిల్డ్ వాటర్. వీలైతే తీసిన నెలలోపే వాడాలి, ఆరు నెలలు దాటకూడదు. "సెలైన్‌లో భద్రపరిచాం" అని ఆపేస్తే ఆ పన్ను గురించి ఏమీ చెప్పనట్టే. ఫార్మలిన్ ప్రోటీన్లను బిగదీస్తుంది, ఆటోక్లేవ్ కొల్లాజెన్‌ని మారుస్తుంది. రెండూ ఇన్ఫెక్షన్ కోణంలో మంచివే, డెంటిన్ బాండింగ్ టెస్టుకి మాత్రం రాయకుండా దాచకూడనివి.

ఉపరితలం: పై డెంటినా, పల్ప్ దగ్గరిదా. స్మియర్ లేయర్ (రుద్దినప్పుడు మిగిలే పొడి పొర) ఎలా చేశారు, 600 గ్రిట్ సిలికాన్ కార్బైడ్ కాగితం మీద నీటితో 60 సెకన్లా, డైమండ్ బర్‌తోనా. సెల్ఫ్ ఎచ్ (విడిగా యాసిడ్ పెట్టని) పద్ధతిలో ఇది అంకెను మార్చేస్తుంది.

బాండింగ్: బ్యాచ్ నంబరు, ఎన్ని సెకన్లు రుద్దారు, గాలి ఎన్ని సెకన్లు ఊదారు, ఎన్ని కోట్లు. "తయారీదారు సూచనల ప్రకారం" అనే మాటకు నేను సగం మార్కు కూడా ఇవ్వను. ఆ సూచనల కాగితం ఎడిషన్‌కో రకంగా మారుతుంది.

లైట్: మిల్లీవాట్లు ఎంత, ఎన్ని సెకన్లు, దేంతో కొలిచారు, టిప్ ఎంత దూరంలో ఉంది. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్ల దగ్గర 20 సెకన్లంటే 20 జౌళ్ళు. "20 సెకన్లు క్యూర్ చేశాం" అంటే అది 8 జౌళ్ళు కూడా కావచ్చు.

ఆ తర్వాత: 37 డిగ్రీల నీళ్ళలో ఎన్ని గంటలు, థర్మోసైక్లింగ్ (చల్లని, వేడి నీళ్ళలో మార్చి మార్చి ముంచడం) ఉంటే ఎన్ని సైకిళ్ళు, 5, 55 డిగ్రీల దగ్గర ఎన్నేసి సెకన్లు ఉంచారు. క్రాస్‌హెడ్ వేగం (మెషీన్ లాగే వేగం).

ఇలా పగలగొడితే ఇప్పుడు అందరికీ 1 వచ్చిన చోట పేపర్లు విడిపోతాయి.

ఓరుగల్లు_ప్రాస్థో
ఇది బాగుంది. క్విన్‌లో కూడా "పద్ధతి వివరణ" ఒక్కటే గడి, 2, 1, 0. ఈ జాబితాలో ఎన్ని ఉంటే 2, ఎన్ని ఉంటే 1 అని ముందే రాసుకుంటే నా టూల్‌కి కూడా పనికొస్తది.

థీసిస్_తిప్పలు
జర్నల్ 3000 పదాలంటే ఇవన్నీ ఎక్కడ పెట్టాలి మేడం? రాయకపోతే సున్నా వేసేస్తారా?

మెటీరియల్స్_మేడం
సప్లిమెంటరీ ఫైల్ ఉందిగా. పైవన్నీ ఒక టేబుల్‌లో పడితే అర పేజీ. ఇంట్రడక్షన్‌లో అడ్హీసివ్‌ల చరిత్ర రెండు పేరాలు తీస్తే మెయిన్ పేపర్లోనే చోటు దొరుకుతుంది.

కడప_కన్సర్వేటివ్
రాయనివాళ్ళకి మెయిల్ పెట్టి అడగవచ్చా?

గోదావరి_ఎండో
అడగండి. కానీ రిపోర్టింగ్ మార్కు మార్చకూడదు, అది అచ్చయిన పేపర్‌కి వేసిన మార్కు. మెయిల్‌లో వచ్చిన జవాబు బయాస్ టేబుల్‌లోకి వెళ్ళాలి, "రచయితల నుంచి తెలిసింది" అని గుర్తు పెట్టి. ప్రశ్న కూడా జాగ్రత్తగా అడగాలి. "మీరు ర్యాండమైజ్ చేశారా?" అంటే అందరూ చేశామనే అంటారు. "ఏ పన్ను ఏ గ్రూపులోకి వెళ్ళాలన్నది ఎలా నిర్ణయించారో చెప్పండి" అని అడగండి.

లెక్కల_పంతులు
ఇంతవరకు ఎవరూ ఎత్తని పెద్ద సంగతి: ఎన్ (నమూనాల సంఖ్య) అంటే ఏమిటి? మైక్రోటెన్సైల్‌లో ఒక పన్ను నుంచి నాలుగో, ఆరో బీమ్‌లు వస్తాయి. గ్రూపుకి 5 పళ్ళు, పన్నుకి 6 బీమ్‌లు తీసి "ఎన్ = 30" అని రాసి వన్ వే అనోవా (గ్రూపుల సగటులు పోల్చే టెస్టు) చేసేస్తారు. ఒకే కుండలో ముప్పై మెతుకులు పట్టి చూసి ముప్పై కుండలు చూశామన్నట్టు. ఒక పన్ను బీమ్‌లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక, అంటే ఇంట్రాక్లాస్ కోరిలేషన్, 0.4 అనుకోండి. 1 + (6 − 1) × 0.4 = 3. ముప్పైని మూడుతో భాగిస్తే నిజంగా చేతిలో ఉన్న సమాచారం 10 నమూనాలదే. పి విలువలు అందుకే అంత అందంగా వస్తాయి.

మైక్రోటెన్సైల్ మీద అకాడమీ ఆఫ్ డెంటల్ మెటీరియల్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పన్నే లెక్క యూనిట్. పన్నుకో సగటు తీసి దాని మీద టెస్టు చెయ్యాలి, లేదా పన్నుని ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి మిక్స్‌డ్ మోడల్ వాడాలి. మీ 10వ అంశం దగ్గర "స్టాటిస్టిక్స్ రాశారా" అని కాకుండా, "యూనిట్ పన్నా, బీమా, రెండూ ఎన్నేసి" అని అడగండి. అందరికీ ఒకటి వచ్చిన ఇంకో గడి అక్కడ పగులుతుంది.

మోలార్_మిత్ర
శాంపిల్ సైజ్ కూడా అంతేనా? "పాత స్టడీల ఆధారంగా గ్రూపుకి 10" అని ఉంటే మార్కు ఇవ్వాలా?

లెక్కల_పంతులు
ఇవ్వకూడదు. నాలుగు ముక్కలు కనబడాలి: ఎంత తేడా ముఖ్యమనుకున్నారు, ఎస్‌డీ (విలువల చెదరు) ఎంత, ఆల్ఫా (లేని తేడా ఉందనుకునే అవకాశం), పవర్ (ఉన్న తేడా పట్టుకునే అవకాశం). ఎస్‌డీ 6 మెగాపాస్కల్, పట్టుకోవాల్సిన తేడా 5, ఆల్ఫా 0.05, పవర్ 80 శాతం అయితే రెండు గ్రూపుల పోలికకి గ్రూపుకి 23, 24 పళ్ళు కావాలి. 10 పళ్ళతో పట్టుకోగలిగేది ఎనిమిది మెగాపాస్కల్ లాంటి పెద్ద తేడానే. ఆ 10తో "తేడా లేదు" అని ముగిస్తే, తేడా లేదని తెలిసినట్టు కాదు.

గోదావరి_ఎండో
ప్రీ టెస్ట్ ఫెయిల్యూర్లు మరిచిపోకండి. కోసేటప్పుడే ఊడిపోయిన బీమ్‌లు. వీటిని సున్నాగా లెక్కేసేవాళ్ళున్నారు, తీసేసేవాళ్ళున్నారు, గ్రూపులో అతి తక్కువ విలువ ఇచ్చేవాళ్ళున్నారు. ఊహకి: రెండు గ్రూపులకీ 30 బీమ్‌లు. ఒకదాంట్లో 2 ఊడాయి, మిగతా 28 సగటు 30. రెండోదాంట్లో 12 ఊడాయి, మిగతా 18 సగటు 32. ఊడినవి తీసేస్తే రెండోదే మేలు. సున్నా వేస్తే మొదటిది 28, రెండోది 19.2. అంకె తలకిందులైపోయింది. ఎన్ని ఊడాయో, వాటినేం చేశారో రాయని పేపర్ సగటుని మెటా అనాలిసిస్‌లో (పేపర్ల అంకెలన్నీ కలిపి చేసే లెక్క) కలపడానికి నాకు చెయ్యి రాదు.

ఓరుగల్లు_ప్రాస్థో
ఇది ఏ చెక్‌లిస్టులో ఏ గడి?

గోదావరి_ఎండో
ఫాజియన్ దాంట్లో ప్రత్యేకంగా లేదండీ, 11వ అంశం (ఫలితాలు) కింద అదనపు ప్రశ్నగా పెట్టుకోవాలి. రాబ్‌డెమాట్‌లో అయితే నాలుగో విభాగంలో చూస్తాను.

మా ఎండో వైపు పరిస్థితి కాస్త మేలు, 2021లో ప్రైల్ (ఎండో ల్యాబ్ స్టడీల రిపోర్టింగ్ మార్గదర్శకాలు) వచ్చింది. చెక్‌లిస్టుతో పాటు ఫ్లోచార్ట్ కూడా ఉంది. కానీ అక్కడా ఇదే జబ్బు. నికెల్ టైటానియం ఫైళ్ళ సైక్లిక్ ఫెటీగ్ (విరిగేదాకా తిప్పి చూసే టెస్టు) పేపర్లో ఉష్ణోగ్రత లేకపోతే మిగతావన్నీ ఉన్నా వృథా. గది వేడిలో, 35 డిగ్రీల దగ్గర అదే ఫైల్ వేరేలా తిరుగుతుంది. పుష్ అవుట్ (వేరు స్లైస్ లోంచి పూరకాన్ని నెట్టి చూసే టెస్టు) అయితే స్లైస్ మందం, ప్లంజర్ వ్యాసం, ఏ వైపు నుంచి నెట్టారు, విస్తీర్ణం సూత్రం.

థీసిస్_తిప్పలు
మా సినాప్సిస్‌కి క్రిస్ అని రాయమన్నారు. అది వేరా?

మెటీరియల్స్_మేడం
వేరే. ల్యాబ్ స్టడీల మార్గదర్శకం, 2014లో మన దేశం నుంచే, జర్నల్ ఆఫ్ కన్సర్వేటివ్ డెంటిస్ట్రీలో కాన్సెప్ట్ నోట్‌గా వచ్చింది. శాంపిల్ సైజ్, నమూనా తయారీ, కేటాయింపు, బ్లైండింగ్, స్టాటిస్టిక్స్ మీద దృష్టి. పని మొదలుపెట్టకముందు చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. అయితే "క్రిస్ ప్రకారం చేశాం" అని ఒక వాక్యం రాసి ఊరుకోవద్దు, నీ వాక్యాల్లో అది కనబడాలి.

థీసిస్_తిప్పలు
ర్యాండమైజేషన్ ఎలా రాస్తే మార్కు వస్తుందో ఒక నమూనా ఇవ్వండి మేడం, ప్లీజ్.

మెటీరియల్స్_మేడం
ముందు చెయ్యాలి, తర్వాత రాయాలి. 60 మూడో మోలార్లు, 4 గ్రూపులు అనుకో. పళ్ళకి 1 నుంచి 60 నంబర్లు. వెడల్పు కొలిచి పెద్ద నుంచి చిన్నకి పేర్చి, నాలుగేసి చొప్పున 15 బ్లాకులు. ప్రతి బ్లాకులో నాలుగు గ్రూపుల వరస కంప్యూటర్‌లో తీస్తుంది బాండింగ్ చెయ్యని మనిషి. ఒక్కో పన్ను గ్రూపూ అపారదర్శక కవర్‌లో, పైన పన్ను నంబరు మాత్రమే. ఉపరితలం కాగితంతో రుద్దడం పూర్తయ్యాకే కవర్ తెరవాలి. ముందే తెరిస్తే నచ్చిన గ్రూపుకి మంచి పన్ను వెళుతుంది, తెలియకుండానే.

రాత ఇలా: "వెడల్పు ఆధారంగా నాలుగేసి పళ్ళ బ్లాకులు చేసి, కంప్యూటర్‌లో తీసిన వరసతో గ్రూపులకు కేటాయించాం. వరస తయారుచేసిన వ్యక్తి నమూనా తయారీలో పాల్గొనలేదు. కేటాయింపు మూసిన అపారదర్శక కవర్లలో ఉంది, ఉపరితల తయారీ తర్వాతే తెరిచాం." మూడు వాక్యాలు. 6, 7, 8 మూడూ అయిపోయాయి.

మోలార్_మిత్ర
మూడు వాక్యాలకి ఇన్ని పేపర్లు సున్నా తెచ్చుకున్నాయా!

కడప_కన్సర్వేటివ్
చాలా స్పష్టత వచ్చింది. 14 అంశాలు అలాగే ఉంచి, 3, 9, 10, 11ని మేడం, గోదావరి గారు, పంతులు గారు చెప్పినట్టు పగలగొడుతున్నాం. మొత్తం మార్కు ఇవ్వం. బయాస్‌కి రాబ్‌డెమాట్ విడిగా. ఒకటే మిగిలింది: తొమ్మిది పేపర్లలో బీమ్‌ల సంఖ్యే ఉంది, పళ్ళ సంఖ్య లేదు. మెటా అనాలిసిస్‌లో కలపాలా?

లెక్కల_పంతులు
బీమ్ సంఖ్యతో నేరుగా కలపొద్దు, వాటికి రాకూడని బరువు వస్తుంది. ముందు రచయితల్ని అడగండి. జవాబు రాకపోతే పన్నుకి 4, 6, 8 బీమ్‌లు అని మూడు ఊహలతో, ఇంట్రాక్లాస్ 0.2, 0.4, 0.6తో ఎన్‌ని తగ్గించి చూడండి. తీర్మానం మారకపోతే కలిపి ఆ సంగతి రాయండి. మారితే బయట పెట్టండి. పేపర్లో ఉన్న ఎస్‌డీ బీమ్‌లదే అని కూడా గుర్తుంచుకోండి, పళ్ళ సగటులకి వచ్చే ఎస్‌డీ వేరు.

మెటీరియల్స్_మేడం
కొత్త గడులతో మొదలుపెట్టే ముందు నలభైలో లేని అయిదు పేపర్ల మీద ఇద్దరూ సాధన చెయ్యండి, తేడా వచ్చిన ప్రతిచోటా నియమం ఒక వాక్యంలో రాసుకోండి. ఆ నియమాల కాగితానికి తేదీ వేసి ఓఎస్ఎఫ్‌లో (పరిశోధన పత్రాలు అందరికీ కనబడేలా ఉంచే సైట్) పెట్టేయండి. పాత మార్కులు పక్కన పెట్టి నలభైకీ మళ్ళీ మొదటి నుంచి వెయ్యాల్సిందే.

కడప_కన్సర్వేటివ్
సరే మేడం. నియమాల కాగితం ఆదివారానికి ఇక్కడే పెడతాను, 9వ అంశం మూడు గడులూ గోదావరి గారు ఒకసారి చూడాలి.